పుస్తకంలో లేని ఎనిమిది మంది

నా జీవితంలో నేను రాసిన నాటకం ఒక్కటే. రెండోది ఎందుకు రాయలేదని నా పాత విద్యార్థులు ఇప్పటికీ అడుగుతుంటారు. తీరిక దొరకలేదని చెబుతుంటాను. అది అబద్ధం. బడిపంతులుకు ఎండాకాలం సెలవులుంటాయి, దసరా సెలవులుంటాయి, క్రిస్మస్ సెలవులుంటాయి. తీరికకేం కొదవ? రాయడానికి చెయ్యి రాలేదు, అంతే. ఎందుకు రాలేదో మా ఇంట్లోవాళ్లకు కూడా ఇంతవరకు పూర్తిగా చెప్పలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదారేళ్లయిన రోజులవి. మెదక్‌లో చర్చికి వెళ్లే దారిలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. అప్పటికి ముప్పై నిండలేదు. ఈ తాలూకా మొత్తంలో నాకు వచ్చినంత తెలుగు ఎవరికీ రాదని నాకు గట్టి నమ్మకం. ఉర్దూలో చదువుకుని తర్వాత తెలుగుకు మారిన తోటి ఉపాధ్యాయుల మాటల్లో తప్పులు ఏరడం నాకు సరదా. ఆ సరదా వల్ల స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

ఒక ఏడు బడి వార్షికోత్సవానికి నాటకం కావాలన్నారు. దొరికిన నాటకాలన్నీ చదివి, ఒక్కటీ నచ్చక, నేనే రాశాను. మా బడి ఆవరణలో నిలబడితే ఖిల్లా గుట్ట కనిపిస్తుంది. దాన్ని చూస్తూ కల్పించుకున్న కథ. పన్ను కట్టలేక కోటను ఏలే ఖిలేదారు మీద తిరగబడిన ఒక రైతు, చివరికి సిపాయిలు చుట్టుముడితే బురుజెక్కి, నాలుగు మాటలు చెప్పి, అక్కడి నుంచి దూకి ప్రాణం వదులుతాడు. ఆ నాలుగు మాటల కోసం నెల రోజులు కష్టపడ్డాను. "ఈ బురుజుకు రాళ్లు మోసింది మా తాతలు. ఎక్కడానికి మీ సెలవు అడగలేదు, దిగడానికీ అడగను." ఇది చివరి మాట. ఇక్కడ చప్పట్లు పడాలని రాశాను, పడ్డాయి.

రైతు వేషం మా లెక్కల మాస్టారు వేశాడు. వెదురు తడికెలకు అట్టలు అంటించి, రంగు వేసి బురుజు నిలబెట్టాం. వెనక నిచ్చెన. ఎత్తు మనిషికి నిలువున్నర ఉంటుందేమో. లెక్కల మాస్టారు దాని మీద నుంచి వెనక్కి, వెనకతెర అవతలికి దూకాలి. ఆయన దూకనన్నాడు. పెళ్లయి మూడు నెలలే అయింది, ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

ఆ చిక్కు విప్పింది వడ్ల మిల్లు హమాలీలు. మా ఇంటి వెనకే మిల్లు. వానకు వడ్ల రాసి మీద కప్పే మందపాటి తార్పాలిన్ అక్కడ ఉండేది. అందరూ దాన్ని తాటిపత్రి అనేవారు. మూటలు మోసి మోసి భుజాలు కాయలు కట్టిన ఎనిమిది మంది హమాలీలు దాన్ని వెనకతెర చాటున నాలుగు పక్కలా పట్టుకుని నిలబడేవారు. లెక్కల మాస్టారు వచ్చి అందులో పడేవాడు. వాళ్ల మేస్త్రీ యాభై దాటిన మనిషి. పది రోజులు రోజూ సాయంత్రం వచ్చి వాళ్లచేత సాధన చేయించాడు. మొదట ఇసుక మూట వేసి చూశారు, తర్వాత మేస్త్రీ తానే దూకి చూపించాడు. ఆ తర్వాతే లెక్కల మాస్టారు నిచ్చెనెక్కాడు.

ఇంకొక ఉపాయం నాది. ఆయన తాటిపత్రిలో పడే క్షణానికి ఒకడు పక్కన బియ్యం బస్తాను దబ్బున నేల మీద వేసేవాడు. ముందు కూర్చున్నవాళ్లకు మనిషి రాళ్ల మీద పడ్డట్టే వినిపించేది. వార్షికోత్సవం రోజు ఆ చప్పుడుకు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు లెక్కల మాస్టారు బట్టల దుమ్ము దులుపుకుంటూ ముందుకొచ్చి దండం పెట్టాడు. చప్పట్లు ఆగలేదు. నా బతుకులో అంత సంతోషం అంతకుముందు లేదు, తర్వాతా లేదు. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ రోజు చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా జనం వచ్చారు. నాటకం అయ్యాక ముగ్గురు మనుషులు నా దగ్గరికి వచ్చారు. రామాయంపేట అవతల ఊరివాళ్లు. అందులో పెద్దాయన ఆ ఊరి పటేలు, తెల్ల ధోవతి, భుజాన కండువా. వెనకాల సన్నగా, పొడుగ్గా ఒకాయన నిలబడ్డాడు. తాళ్లెక్కి, అంటే తాటిచెట్లెక్కి, కల్లు గీసే గౌడని తర్వాత తెలిసింది. నన్ను ప్రశ్న అడిగింది ఆయనే.

"అంత పైనుంచి పడ్డడు గద సార్. ఏం గాలేదా?"

చెప్పొచ్చు. తెర వెనక్కి తీసుకెళ్లి తాటిపత్రి చూపించొచ్చు. హమాలీలు ఇంకా అక్కడే కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. కానీ ఉపాయం చెబితే విలువ పోతుందనిపించింది. నవ్వి, "ధైర్యం ఉంటే ఏం కాదు" అన్నాను. ఆయన తల ఊపాడు. ఆ మాటను ఆయన అక్షరాలా నమ్మాడు.

పటేలు నాటకం కాపీ కావాలన్నాడు. ఆ వారంలోనే తూప్రాన్ నుంచి ఒకరు, ఇంకో ఊరి నుంచి ఒకరు అడిగారు. కార్బన్ కాగితాలు పెట్టి, వేళ్లు నొప్పి పుట్టేలా నొక్కి రాసి, ఒకేసారి మూడు కాపీలు తీశాను. నోటు పుస్తకాల్లా కుట్టి, అట్టలు వేసి, లోపలి పేజీలో నా పేరు కొంచెం పెద్దగానే రాసుకున్నాను. మాటలన్నీ ఉన్నాయి, పద్యాలున్నాయి, పాత్రల పట్టిక ఉంది. చివరి పేజీలో "బురుజు మీది నుంచి దూకుతాడు. తెర" అని ఉంది. తాటిపత్రి లేదు, ఎనిమిది మంది లేరు, వెనకతెర లేదు, బియ్యం బస్తా లేదు. మరిచిపోయి కాదు. ఇవన్నీ పనివాళ్ల సంగతులు, సాహిత్యంలో వాటికి చోటేమిటని వదిలేశాను. దూకడానికి ఏర్పాటు లేనివాళ్లు ఆ రైతును తెర చాటుకు నడిపించి అక్కడే చంపేసుకోవచ్చు. నాటకానికి ఏ లోటూ రాదు. ఆ ఒక్క వాక్యం కూడా రాయలేదు.

కాపీలు కుడుతుంటే మేస్త్రీ చూశాడు. మా అరుగు మీద కూర్చుని అడిగాడు.

"మా సంగతి గిండ్ల రాసిండ్రా సార్?"

"పాత్రల పట్టికలో హమాలీలు ఎందుకుంటారయ్యా" అన్నాను.

"పేరు కోసం గాదు సార్. మేం లేకుంటె వాళ్లెట్ల జేస్తరు?"

"వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు."

మేస్త్రీ లేచి భుజం మీది తువ్వాల సర్దుకుని మిల్లుకు వెళ్లిపోయాడు. ఆయన మాటకు నేను అప్పుడు ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదు. మూటలు మోసేవాడికి నాటకం గురించి ఏం తెలుస్తుందనుకున్నాను. బస్తా ఎక్కడ పడుతుందో, ఎవడి మీద పడుతుందో ముందే చూసుకునేవాడికి నాకంటే ఎక్కువ తెలుసునని నా బుర్రకు ఎక్కలేదు.

వానాకాలం పంట కోతలైన రోజుల్లో పటేలు నుంచి పోస్టుకార్డు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం చేతికందింది. వాళ్ల ఊళ్లో బడికి కొత్త గది లేచిందట. ఆ సందర్భాన ఆదివారం నాలుగు గంటలకు నా నాటకం ఆడుతున్నారట. ఊళ్లో కరెంటు లేదు కాబట్టి పగలే ఆట. నేను తప్పక రావాలట. చివర ఇంకో రెండు పంక్తులు ఇరికించి రాశాడు. "మీరు అట్టలతో బురుజు కట్టినారు. మాకు ఆ అవసరం లేదు. మా ఊరిలో అసలు బురుజే ఉన్నది."

మొదటిసారి చదివినప్పుడు గర్వంగా అనిపించింది. మా ఇంట్లో ఆమెకు కూడా చదివి వినిపించాను. రెండోసారి చదువుతుంటే ఆ చివరి పంక్తి దగ్గర ఆగిపోయాను. ఆ వైపు ఊళ్లలో బురుజులు నేను చూశాను. రాతితో గుండ్రంగా కట్టి, పైన నిలబడితే చుట్టూ నాలుగు ఊళ్లు కనిపించేవి. దొంగల రాకడ కనిపెట్టడానికి పూర్వం కట్టుకున్నవి. వాటి ఎత్తు నిలువున్నర కాదు. వాటి వెనక తెర ఉండదు. కింద రాళ్లుంటాయి.

వాళ్లకు ఆ మాత్రం తెలియదా, దూకుతారా ఎవరైనా, అని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. కానీ ఆ పొడుగాటి మనిషి తల ఊపడం కళ్లముందు కదులుతూనే ఉంది. ఉత్తరం రాస్తే ఆదివారంలోపు చేరదు. ఆ ఊరికి తంతి వేసే సౌకర్యం లేదు. శనివారం పొద్దున బడికి పోకముందే మిల్లుకు పరుగెత్తాను.

మిల్లు జోరు మీద ఉంది. ఆవరణ నిండా వడ్లు. ఆకాశం మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది. తాటిపత్రి రాసి మీద పరిచి, చుట్టూ రాళ్లు పెట్టారు. మేస్త్రీకి కార్డు చదివి వినిపించాను. ఆయన వింటూ వింటూ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"సీజన్ సార్. ఎనిమిది మందిమి కాదు, ఒక్కన్ని గూడ మిల్లు సేటు పంపడు. తాటిపత్రి తీస్తే వడ్లు నానుతయి."

"మరెలా?"

"దూకొద్దని చెప్పుండ్రి. గంతే."

నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన నా మొహం చూసి ఏం గ్రహించాడో, ఇంకో మాట చెప్పాడు.

"వాళ్లు ఇనకుంటే ఒకటి చెప్పుండ్రి సార్. పట్టుకున్నోడు పైకి చూడొద్దు. పక్కోని చేతుల దిక్కే చూడాలె. పైకి చూసినోని చెయ్యి సడలుతది."

ఆదివారం పొద్దున ప్రార్థన మధ్యలోనే చర్చి నుంచి బయటికి వచ్చేశాను. రామాయంపేట బస్సు గంట ఆలస్యంగా కదిలింది, దారిలో రేడియేటర్‌లో నీళ్లకని రెండుసార్లు ఆగింది. రామాయంపేటలో దిగితే అటు వైపు వెళ్లే బండి ఒక్కటీ లేదు. నడిచాను. కోసిన మళ్లు ఉత్త కొయ్యకాళ్లతో పడి ఉన్నాయి. దారిలో మనిషి జాడ లేదు. ఎదురైన ఒక్క ముసలామెను ఊరెంత దూరమని అడిగితే, "అందరు ఆట కాడికే పోయిండ్రు, నువ్వు గూడ పో" అని చెయ్యి చూపించింది.

ఊరి కంటే ముందు బురుజు కనిపించింది. మూడు నిలువులుంది. పైన పావురాలు. ఒక పక్క రాళ్లు ఊడి, సగానికి పైన మెట్టులా ఒక చోటు ఏర్పడింది. అది కూడా రెండు నిలువులకు తక్కువ లేదు. దాని కింద రెండు బండ్ల ఇసుక పోసి ఉంది. ఇసుకను చూడగానే వీళ్లు నిజంగానే దూకబోతున్నారని అర్థమైంది.

నేను చేరేసరికి మూడు కావస్తోంది. పటేలు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. ఎవరో బంతిపూల దండ తెచ్చి మెడలో వేశారు. చాయ్ ఇచ్చారు. ఆ పొడుగాటి గౌడు అప్పటికే రైతు వేషంలో ఉన్నాడు. తలపాగా చుట్టుకున్నాడు, మొహానికి రంగు వేసుకున్నాడు. ఆయన భార్య బురుజు నీడలో కూర్చుని, తాళ్లెక్కేటప్పుడు నడుముకు వేసుకునే ఆయన మోకును ఒళ్లో పెట్టుకుని ఉంది.

పటేలును, గౌడును పక్కకు తీసుకెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. తెర వెనక తాటిపత్రి, హమాలీలు, బస్తా చప్పుడు, అన్నీ. చెబుతున్నంతసేపూ గౌడు నన్నే చూస్తున్నాడు.

"తాడెక్కితే మోకు కట్టుకుంట సార్. బురుజు మీద ఏం కట్టుకోవాలెనో అని మీ పుస్తకం మూడుసార్లు సదివించుకొని ఇన్న. ఏం రాయలే. ఉట్టిగనే దూకాలె గావొచ్చనుకున్న. ఇసుక గూడ మా బుద్ధితోని పోసినం."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్క మాట. దూకొద్దు. మేస్త్రీ చెప్పిన మాట అదే. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ పటేలు అప్పటికే, "తాటిపత్రి లేకుంటేంది పంతులూ, గొంగళ్లు లేవా" అంటున్నాడు. నేను బురుజు వైపు చూశాను. అట్టలు కాదు, రంగు కాదు, నిజం రాళ్లు. దాని మీద నా మాటలు ఎలా వినిపిస్తాయో అనుకున్నాను. వినాలనిపించింది. అందుకని దూకొద్దు అనకుండా బేరానికి దిగాను. పైనుంచి కాదు, రాళ్లు ఊడిన ఆ మెట్టు మీది నుంచి అన్నాను. గొంగళ్లు ఒకటి మీద ఒకటి నాలుగు వేసి కుట్టాలన్నాను. పట్టుకోవడానికి ఎనిమిది మంది గట్టివాళ్లు కావాలన్నాను. అన్నిటికీ సరేనన్నారు. నేను ఒప్పుకున్నట్టయింది.

గొల్లల ఇళ్ల నుంచి గొంగళ్లు వచ్చాయి. గోనెసంచులు కుట్టే దబ్బనంతో కుట్టారు. ఎనిమిది మందిని నిలబెట్టి, మేస్త్రీ చెప్పింది చెప్పాను. పైకి చూడొద్దు, పక్కవాడి చేతుల వైపే చూడాలి. తల ఊపారు. ఇసుక నింపిన బస్తాను మెట్టు మీది నుంచి తోయించాను. గొంగడి కిందికి సాగి, మళ్లీ పైకి లేచింది. రెండోసారి తోయించాను. ఏమీ కాలేదు. మూడోసారి కూడా ఏమీ కాలేదు. పటేలు నా వీపు మీద తట్టాడు. నాకు కూడా కొంచెం ధైర్యం వచ్చింది. మా మేస్త్రీ పది రోజులు చేసింది మేం ముప్పావు గంటలో చేసేశామనుకున్నాను.

తెర లేదు గనక ఆ ఎనిమిది మందీ జనానికి కనిపిస్తారు. అందుకు కూడా ఉపాయం దొరికింది. వాళ్లకు సిపాయిల వేషాలు వేసి, గొంగడి మడతపెట్టి చేతికిచ్చి, బురుజు మొదట్లో నిలబెట్టారు. రైతు చివరి మాటలు మొదలుపెట్టగానే విప్పి పట్టుకోవాలి. ఆ ఉపాయం నాదే. దాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

నాలుగింటికి ఆట మొదలైంది. ఊరు ఊరంతా బురుజు ముందు కూర్చుంది. పక్క ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. నన్ను ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మబ్బు ఇంకా వీడలేదు. గాలి లేదు. మా బడిలో వేసినవాళ్ల కంటే వీళ్లు బాగా వేశారు, దాచుకోవడం ఎందుకు. ఖిలేదారు వేషం వేసినాయన నడుస్తుంటే ముసలివాళ్లు నిజంగానే మొహం పక్కకు తిప్పుకున్నారు. పన్ను కట్టలేక గొడ్డును తోలుకుపోయే రంగంలో నా వెనకాల ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. వాళ్లకది కథ కాదు. పదిహేనేళ్ల కిందట వాళ్ల గడపల్లో జరిగిందే. నేను గుట్టను చూసి కల్పించానని అనుకున్నదంతా వాళ్లు పడినదే.

ఆ ఎనిమిది మంది కూడా ఆ ఊరివాళ్లే. మెదక్‌లో హమాలీలకు తెర అడ్డం. వాళ్లు పది రోజులు వచ్చినా నాటకం ఒక్క రంగం కూడా చూడలేదు. వాళ్లకు తెలిసింది తాటిపత్రి అంచు, పక్కవాడి చేతులు. ఇక్కడివాళ్లు గంటన్నర నుంచి బురుజు మొదట్లో నిలబడి నాటకం మొత్తం చూస్తున్నారు. ఒకడు మణికట్టుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. చూసి కూడా నా నాటకం బాగుందనే అనుకున్నాను.

గౌడు మెట్టు మీదికి ఎక్కాడు. తాళ్లెక్కే మనిషి కదా, రాళ్ల సందుల్లో కాలివేళ్లు పెట్టి ఇట్టే ఎక్కేశాడు. కింద గొంగడి విప్పారు. ఎనిమిది మంది పట్టుకున్నారు. నేను లెక్కపెట్టాను. ఎనిమిది. అందరూ తలలు దించి పక్కవాళ్ల చేతులే చూస్తున్నారు. అంతా నేను చెప్పినట్టే ఉంది.

ఆయన నా నాలుగు మాటలూ చెప్పాడు. రాతిలో నుంచి వచ్చినట్టుంది గొంతు. చివరి మాటకు వచ్చాడు. ఈ బురుజుకు రాళ్లు మోసింది మా తాతలు. ఆ బురుజుకు రాళ్లు మోసినవాళ్ల మనవలే అక్కడ కూర్చున్నారు. దిగడానికీ అడగను, అనగానే చప్పట్లు లేచాయి. అంత పెద్ద చప్పట్లు మెదక్‌లో పడలేదు.

నేను వెనక్కి తిరిగాను. నా మాటకు చప్పట్లు కొడుతున్న జనాన్ని చూసుకోవాలని తిరిగాను. ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్న తండ్రులు, అందరూ చేతులెత్తి కొడుతున్నారు. చూస్తుండగానే ఆ మొహాలు మారాయి. ముందు వరుసల్లో ఒక్కొక్క చెయ్యే ఆగిపోయింది. అప్పుడు నా వెనక దబ్బుమని చప్పుడైంది. ఒక్క క్షణం, బస్తా వేయమని ఎవరికి చెప్పానా అనుకున్నాను.

ఎనిమిది మందిలో ఇద్దరు చప్పట్లు కొట్టారు. అంతే జరిగింది. పైకి చూడొద్దంటే చూడలేదు. చప్పట్లు కొట్టొద్దని ఎవరూ చెప్పలేదు. ఊరంతా కొడుతుంటే వాళ్ల చేతులూ గొంగడిని వదిలి కొట్టాయి. ఆ పక్క గొంగడి జారింది. గౌడు దాని అంచు తగిలి, ఇసుక అవతల, రాళ్ల మీద పడ్డాడు.

వెనక కూర్చున్నవాళ్లు నాటకంలో భాగమే అనుకుని ఇంకా కొడుతున్నారు. ఆయన భార్య లేచి పరుగెత్తాక ఆగారు. చప్పట్లు కొట్టిన ఇద్దరూ చేతులు అలాగే గాలిలో ఉంచుకుని నిలబడిపోయారు. అందులో ఒకడు ఆయన బావమరిది.

ఎద్దుబండిలో గడ్డి వేసి రామాయంపేటకు, అక్కడి నుంచి లారీలో మెదక్ దవాఖానకు తెచ్చాం. దారి పొడవునా ఆయన అరవలేదు. పళ్లు బిగపట్టి పడుకున్నాడు. నేను బంతిపూల దండ మెడలోనే వేసుకుని ఆయన తలవైపు కూర్చున్నానని దవాఖాన మెట్ల దగ్గర ఎవరో చూస్తే గానీ నాకు తెలియలేదు. తీసి ఎక్కడ పడేశానో గుర్తులేదు.

కుడికాలు తుంటి దగ్గర, ఎడమకాలు మోకాలి దగ్గర విరిగాయి. పన్నెండో రోజు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. కర్ర పట్టుకుని నడుస్తాడు. తాడెక్కడం మాత్రం ఇక కాదు. ఆ మాట ఆయనకు ఎవరు చెప్పాలని అడిగింది. నేను చెబుతానన్నాను. ఇన్ని రోజుల్లో నేను చేసిన సరైన పని అదొక్కటేనేమో.

చెప్పాను. భార్య మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఆమె ఏడవలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను నా తప్పంతా ఒప్పుకున్నాను. పుస్తకంలో ఎందుకు రాయలేదో, అది అహంకారమని, ఆ రోజు దూకొద్దని ఎందుకు అనలేదో, అన్నీ చెప్పాను. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. నా మనసుకు కొంచెం తేలికయ్యేది.

ఆయన తల తిప్పి నా వైపు చూశాడు.

"సార్, గా పుస్తకం ఇంకెవరికన్న ఇచ్చిండ్రా?"

ఇంకా రెండు ఊళ్లకు ఇచ్చాను. ఆ రోజు మధ్యాహ్నమే ముందుగా తూప్రాన్ బస్సెక్కాను. తూప్రాన్ ఆయన కాపీ తన దగ్గర లేదన్నాడు. నాటకం మస్తుగా ఉందని ఎవరో చూసి రాసుకుంటామంటే ఇచ్చాడట. వాళ్ల నుంచి ఇంకొకరు తీసుకుపోయారట. ఏ ఊరని అడిగాను. ఆయనకు తెలియదు.